దూకిన చోటే దూకుతాయి

ముందక్క చేతులు అప్పటికే మోచేతుల దాకా మట్టిలో ఉన్నాయి. వంతెన మీద మోకాళ్లూని, తట్టలోంచి తడిమట్టి తీసి, దారికి అడ్డంగా ఉన్న ఇనప పట్టీ మీద పరుస్తోంది. వంతెన ముక్కలు రెండూ కలిసేచోట బిగించిన పట్టీ అది. మనిషి కంటికి అదొక పట్టీ, గొర్రె కంటికి అదొక గొయ్యి. మట్టిని అరచేత్తో తట్టి, అంచుల దగ్గర వేళ్లతో పలచగా లాగింది, ఎక్కడ మొదలైందో ఎక్కడ అయిపోయిందో తెలియకుండా. దాని మీద ఎండుగడ్డి చల్లింది. తర్వాత నాలుగడుగులు వెనక్కి వెళ్లి, నడుం వంచి, తలను గొర్రె తల ఎత్తుకు దించి చూసింది.

"గీత కనబడుతోందా?" అని అడిగింది మొగుణ్ణి.

"నాకు నీ వీపు కనబడుతోంది."

"వీపు సంగతి తర్వాత. గీత చూడు."

ఆయన కూడా మూలుగుతూ వంగి చూశాడు. "లేదు. పోయింది."

మందల ముందు నడుస్తుంది కాబట్టి ఆమెకు ముందక్క అని పేరు పడింది. ఆమె అందరికీ అక్క కాబట్టి మొగుడు అందరికీ బావ అయ్యాడు. మంద చివర నడుస్తాడు కాబట్టి వెనకబావ. పెళ్లయిన ఇన్నేళ్లలో పక్కపక్కన నడిచింది పెళ్లిరోజు ఒక్కటేనని ఆయన వేళాకోళం. గొర్రెల మందలను ఈ పాత వంతెన దాటించడం ఇద్దరి పని. దిగువన లారీల కోసం కట్టిన కొత్త వంతెన ఉంది కానీ దాని మీదికి జీవాలను రానివ్వరు. పాతది ఇరుకు. రెండు బండ్లు ఎదురైతే ఒకటి వెనక్కి పోవాల్సిందే. పిట్టగోడ మోకాలెత్తు. కట్టినవాళ్లు బండి చక్రాన్ని తలచుకుని కట్టారు, గొర్రె కాలిని తలచుకోలేదు.

కింద ఏరు ఎర్రగా, మాటామంతీ లేకుండా పోతోంది. ముందక్కకు నచ్చనిది అదే. గలగలమనే నీళ్లలో రాళ్లు తెలుస్తాయి. చప్పుడు లేని నీళ్లకు లోతు ఎక్కువ.

మంద వంతెన మొదట్లో పల్లపు నేలలో ఆగి ఉంది. అవతలి ఒడ్డునే ఉన్న తన ఇంటి పెరటి దగ్గర మంద యజమానురాలు కాచుకుని ఉంది. ఆమె మొగుడు తుంటి విరిగి మంచంలో పడ్డాడు, అందుకని మందను తోలుకొచ్చింది ఆమె మరిది. పొలం లేదు, మరో పని లేదు. ఆ ఇంటి పొయ్యి వెలిగేది ఈ గొర్రెల వల్లే. ఎగువన ఆనకట్ట గేట్లు ఎత్తుతారని పొద్దున్నే కబురు వచ్చింది. ఎత్తితే సాయంత్రానికి ఈ పల్లమంతా నీళ్లే. ఇవాళ దాటాలి, లేకపోతే దాటడానికి ఏమీ మిగలదు.

మరిది మాటల మనిషి. వచ్చిన దగ్గర్నుంచి నోరు మూతపడలేదు. "అక్కా, ఈ గొర్రెలు నా మాట వింటాయి. నేను ఒక్క కేక వేస్తే వంతెనేంటి, కొండైనా దాటుతాయి."

"మాటలు కోటలు దాటుతాయి," అన్నాడు వెనకబావ గడ్డి మోపు దించుతూ. "కాలు గడప దాటదు. నువ్వు ముందు ఆ చెప్పులు విప్పు తమ్ముడూ, టపటపమని వాటిని బెదరగొడుతున్నావు."

ముందక్క ఆ మాటలు వినడం లేదు. పిట్టగోడకు ఆనుకుని కొత్తగా పాతిన దీపస్తంభాన్ని చూస్తోంది. పోయినసారి అది లేదు. తూర్పు వైపు, వంతెనకు సరిగ్గా నడుమన నిలబడి ఉంది. ఆకాశం చూసింది. మబ్బు దట్టంగా ఉంది. మబ్బున్నంతసేపూ స్తంభం స్తంభమే. ఎండ వస్తే మాత్రం దాని నీడ దారికి అడ్డంగా నల్లటి గీతలా పడుతుంది. ఇనప పట్టీని మట్టితో కప్పవచ్చు. నీడను దేనితో కప్పాలి?

"మిట్టమధ్యాహ్నం దాకా ఆగుదామా?" అంది. "అప్పుడైతే నీడ స్తంభం కాళ్ల దగ్గరే ఉంటుంది."

"మధ్యాహ్నం దాకా నీళ్లు ఆగుతాయా అక్కా?" అన్నాడు మరిది. ఆ ఒక్క మాటా అతను నవ్వకుండా అన్నాడు. పల్లపు అంచున గడ్డిదుబ్బుల చుట్టూ అప్పుడే తడి మెరుస్తోంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

*

ఆమెకు ఈ పని ఎవరూ నేర్పలేదు. పెళ్లయిన కొత్తలో అత్తగారింట ఒక మంద ఉండేది. దొడ్డి నాలుగు పలకలుగా, చక్కగా రాతిగోడతో ఉండేది. ఒక వానాకాలం పిడుగు చప్పుడుకు గొర్రెలన్నీ బెదిరి ఒక మూలకు చేరాయి. చేరినవాటి మీద ఇంకొన్ని, వాటి మీద ఇంకొన్ని. తడిక తీసి లోపలికి వెళ్లేసరికి అడుగున ఉన్నవి చచ్చిపడి ఉన్నాయి. ఒంటి మీద గాటు లేదు. నెత్తురు చుక్క లేదు. అత్తగారు దిష్టి అంది. మామగారు గాలి సోకింది అన్నాడు. కొత్తకోడలు మాత్రం గొర్రెలను వదిలేసి మూల కేసి చూసింది. మర్నాడు రాళ్లు మోసుకొచ్చి నాలుగు మూలలూ పూడ్చి దొడ్డిని గుండ్రంగా చేసింది.

"కోడలు ఇంటిపని మానేసి గుండ్రంగా తిరుగుతోంది," అని అత్తగారు ఊరంతా చెప్పుకుంది. ఆ తర్వాత ఎన్ని పిడుగులు పడ్డా గొర్రెలు గోడ వెంబడి చుట్టూ తిరిగి, అలిసిపోయి, నిలబడిపోయేవి. అత్తగారు అది మాత్రం ఎవరికీ చెప్పలేదు.

అప్పటినుంచి ఆమెకు చూడటం అలవాటైంది. గడ్డి కోసేటప్పుడు కొడవలి ఆనుకునేదాకా గుడ్ల మీంచి లేవని పిట్టను చూసింది. బండి దీపం పడగానే పారిపోకుండా బిగుసుకుపోయే కుందేలును చూసింది. అవి తెలివిలేక చావడం లేదు. కదలకపోతే డేగకు కనబడమని పిట్టకు తెలుసు. దాని తల్లి అలాగే బతికింది, దాని తల్లి తల్లి అలాగే బతికింది. కొడవలి డేగ కాదని దానికి చెప్పేవాళ్లు లేరు. గొర్రె కూడా అంతే. తోడేలు వచ్చినప్పుడు పక్కదాన్ని అంటిపెట్టుకున్నదే బతుకుతుంది. ముందున్నది దూకితే ఎందుకని ఆగి ఆలోచించేది తోడేలు నోట్లో పడుతుంది. తోడేలు దగ్గర పనికొచ్చిన ఆ తెలివే వంతెన మీద ప్రాణం తీస్తుంది. జనం దాన్ని గొర్రెదాటు అని వెక్కిరిస్తారు. ముందక్క ఆ మాట ఎప్పుడూ వాడదు.

ఆమెకు ఒక మేకపోతు ఉంది. విత్తులు కొట్టించి, చిన్నప్పటినుంచి తానే పెంచింది. మెడలో గంట, గడ్డం, నెమ్మదైన నడక చూసి వెనకబావ దానికి పెద్దమనిషి అని పేరు పెట్టాడు. గొర్రె కసాయివాణ్ణి నమ్ముతుందని సామెత. పెద్దమనిషి ఎవర్నీ నమ్మడు. ప్రతి అడుగూ వాసన చూసి వేస్తాడు. దూకాల్సిన చోట కూడా దూకడు, దిగి నడుస్తాడు. మందల ముందు ఆమె అతన్ని నడిపించేది అందుకే.

*

మంద కదిలే ముందు మరిది కర్ర పట్టుకుని వంతెన మొగదల నిలబడ్డాడు. మోకాలెత్తున కర్రను అడ్డంగా చాచాడు.

"ఏం చేస్తున్నావు?"

"లెక్క అక్కా. ఇక్కడ ఒకసారి లెక్కపెట్టుకోవాలి, అవతల వదినకు చెప్పాలి కదా. మా దొడ్డి దగ్గర రోజూ ఇలాగే. కర్ర పెడితే ఒక్కొక్కటే దూకుతుంది, నేను లెక్కపెడతాను. కర్ర తీసేసినా దూకుతాయి తెలుసా! ముందుది దూకిన చోటే వెనకవన్నీ దూకుతాయి, గాల్లో కర్ర ఉన్నట్టు." నవ్వాడు. "మా ఇంట్లో చూసి చూసి నవ్వుకుంటాం."

ముందక్క మొహం మారిపోయింది. "రోజూనా?"

"రోజూ."

అంటే ఈ మంద మొత్తానికి కర్ర అంటే దూకు అని అర్థం. ఆమె అతని చేతిలోంచి కర్ర దించింది. "వంతెన మీద లెక్క వద్దు. అవతల పెట్టుకో. ఈ కర్ర ఇక్కడే పడేసి రా."

"కర్ర లేకుండా మంద తోలడమా? చూసినవాళ్లు నవ్వుతారు అక్కా. చంకలో పెట్టుకుంటాను, సరేనా? తీయను. ఒట్టు."

పల్లంలో నీళ్లు ఇంకో దుబ్బును చుట్టాయి. వాదించే తీరిక లేదు. ఆమె గొంగళి భుజాన వేసుకుని పెద్దమనిషి మెడతాడు అందుకుంది.

గంట మోగింది. మేకపోతు వంతెన ఎక్కి, మట్టి పరిచిన చోట వాసన చూసి, దాటి నడిచాడు. వెనక తలగొర్రె నడిచింది. దాని వెనక ఇంకొకటి. కాసేపట్లో వంతెన ఈ చివర నుంచి సగం దాకా ఒకటే ఊలు, ఒకటే గిట్టల చప్పుడు. ఇనప పట్టీని ఒక్కటీ చూడలేదు. మరిది మంద నడుమ, పడమటి పిట్టగోడ పక్కన నడుస్తున్నాడు.

పెద్దమనిషి స్తంభం దాటాడు. ముందు గుంపు కూడా దాటింది. ముందక్క వీపు మీద వెచ్చగా తగిలింది.

ఆమె వెనక్కి తిరిగే లోపే గీత పడింది. ఎండ ఒక్క చీలికలోంచి వచ్చి, స్తంభం నీడను దారికి అడ్డంగా, నల్లగా పరిచింది. దాని ముందుకు వచ్చిన ఒక పడుచు గొర్రె ఆగి, తల దించి, ఎగిరి దూకింది. దాని వెనకది దూకింది. దాని వెనకదీ దూకింది.

"దూకనివ్వండి!" అని అరిచింది ముందక్క. "ఎవరూ కదలొద్దు! వాటంతటవి దూకి పోతాయి!"

మబ్బు మళ్లీ మూసుకుంది. నీడ పోయింది. ఉత్త నేల. అయినా వచ్చిన ప్రతి గొర్రే అక్కడికి రాగానే నాలుగు కాళ్లూ దగ్గరకు తీసుకుని ఎగురుతోంది. ఒకదానికంటే ఒకటి ఎత్తుగా. దిగిన చోట జారి, పక్కకు, పిట్టగోడ వైపు ఒరుగుతోంది.

మరిది అది చూశాడు. తన గొర్రెలు, ఏమీ లేని చోట, నీటి మీద గాల్లోకి లేవడం చూశాడు. ఇంట్లో నవ్వుకున్న సంగతి ఇక్కడ నవ్వులా లేదు. చేతులు వాటి పని అవి చేసుకున్నాయి. చంకలో కర్ర బయటికి వచ్చింది. పిట్టగోడకు గొర్రెలకు నడుమ, వాటిని ఆపుదామని, ఏటవాలుగా అడ్డం పెట్టాడు.

కర్ర కనబడింది. రోజూ కనబడే కర్ర. తర్వాతి గొర్రె దాని మీంచి దూకింది. ముందు కాళ్లు పిట్టగోడ పైన ఆనాయి, వెనక కాళ్లు కూడా ఎక్కాయి, ఒక్క క్షణం అక్కడ బొమ్మలా నిలబడింది. ఆ తర్వాత గోడ మీద ఏమీ లేదు. కింద చప్పుడు కూడా పెద్దగా రాలేదు. దాని వెనకది అదే చోటుకు వచ్చి, అలాగే ఎక్కి, అలాగే పోయింది. మూడోది పోతుంటే మరిది అరిచాడు. "అక్కా!"

ముందక్క తాడు వదిలేసి పరుగెత్తింది. నాలుగోది అప్పటికే ముందు కాళ్లు గోడ మీద పెట్టింది. ఆమె భుజం మీద గొంగళి లాగి దాని తలమీద కప్పి, మెడ చుట్టూ బిగించి పట్టుకుంది. కళ్లు మూసుకుపోయిన గొర్రె చెక్కలా బిగుసుకుపోయింది. గోడ మీద కాళ్లు, కింద కాళ్లు, అలాగే. వెనకున్నదానికి నిలబడిన పిరుదులు కనబడ్డాయి. అదీ నిలబడింది.

"కర్ర పారెయ్!"

అతను చూస్తున్నాడు తప్ప కదలడం లేదు.

"నీళ్లలోకి పారెయ్, చచ్చినోడా!"

పారేశాడు.

ఆగినంత మాత్రాన అయిపోలేదు. వెనకనుంచి మంద తోస్తూనే ఉంది. ఇరుకు దారిలో ముందువి ఆగితే వెనకవి నెడతాయి, నెడితే మళ్లీ పిట్టగోడే. "ఏమయ్యా! వెనక్కి!" అని కేక వేసింది. వెనకబావకు ఆ ఒక్క మాట చాలు. ఆయన వాటిని అదిలించలేదు, కొట్టలేదు. మంద చివర గొర్రె మూతి ముందు గడ్డి పట్టి, తాను వెనక్కి నడిచాడు. అది తిరిగి ఆయన వెంట పడింది. దాన్ని చూసి దాని పక్కది తిరిగింది. కొంప ముంచిన బుద్ధే ఇప్పుడు చివర నుంచి మందను మెల్లగా వెనక్కి విప్పుతోంది. ముందక్క చేతుల కింద ఒత్తిడి తగ్గింది. ఆమె గొర్రె కాళ్లు ఒక్కొక్కటే గోడ మీంచి దించింది.

ముందు దాటిన గుంపు అవతలి ఒడ్డు చేరింది. అక్కడ కాచుకుని ఉన్న వదిన వాటిని పెరట్లోకి తోలి తడిక మూసి, తాడు నేల మీద లాగుతూ నిలబడ్డ పెద్దమనిషిని పట్టుకుని, పిట్టగోడ పక్కనే నడిపించుకుంటూ వచ్చింది. ఎవరూ పిలవకముందే వచ్చింది. ఏటికేసి ఒక్కసారి చూసింది. ఎర్రటి నీళ్ల మీద చాలా దూరంలో తెల్లగా ఏదో తిరిగి, మునిగింది.

"ఎన్ని?" అంది.

"మూడు," అంది ముందక్క.

"వదినా, నేను ఆపుదామనే..." అన్నాడు మరిది.

"ఇప్పుడు మాట్లాడకు మరిదీ. అక్క ఏం చెబితే అది చెయ్యి."

ముందక్క ఆకాశం చూసింది. మబ్బు చిరిగిన గోనెలా ఉంది. ఎండ ఇంకోసారి రాకుండా ఉండదు. నీడను కప్పలేం కానీ, గీతను చెరపవచ్చు. గొంగళి విప్పి మరిది చేతికిచ్చింది. "స్తంభం పక్కన నిలబడు. గొంగళి స్తంభానికి రెండు వైపులా వచ్చేట్టు చాచి పట్టుకో. అటు ఒక కొస, ఇటు ఒక కొస. ఎండ వస్తే గీత పడకూడదు, వెడల్పుగా నీడ పడాలి. గీతకు దూకుతాయి, చెట్టు నీడలాంటి నీడకు దూకవు. చేతులు దించావా, ఇంకో మూడు."

"ఎంతసేపు?"

"చివరిది దాటేదాకా."

అతను వీపును స్తంభానికి ఆనించి, గొంగళి వెడల్పుగా లాగి నిలబడ్డాడు. ముందక్క మిగిలిన గడ్డిని నేల మీద, ఆ దూకిన చోట నుంచి అవతల దాకా పొడుగునా చల్లింది. అడ్డంగా ఒక్క పోచ లేకుండా చూసింది. ఈసారి తానూ పెద్దమనిషీ పిట్టగోడ అంచునే నిలబడ్డారు, గొర్రెలకు నీళ్లు కనబడకుండా. తర్వాత తాడు వదిన చేతికిచ్చి ముందు నడవమని, తాను అక్కడే ఉండి నాలుకతో చప్పుడు చేసింది.

గంట మోగింది. ఇందాక గొంగళి కప్పిన గొర్రె మేకపోతు తోక చూసి అడుగేసింది. దూకిన చోటు దగ్గరికి వచ్చింది. ఆగింది. కాళ్లు దగ్గరకు తీసుకుంది. ముందు మేకపోతు నడుస్తూనే ఉన్నాడు, తీరిగ్గా, గడ్డిపోచ నములుతూ. గొర్రె కాలు చాచి నేల మీద పెట్టింది. నడిచింది. వెనకది నడిచింది.

సగం మంద దాటేసరికి ఎండ వచ్చింది. మరిది చాచిన గొంగళి కింద దారి నిండా మసక నీడ పరుచుకుంది. ఒక పొట్టేలు నిలబడి దాన్ని వాసన చూసింది. మంద మొత్తం దాని వెనక నిలబడింది. మరిది చేతులు వణుకుతున్నాయి. నీడ అంచు కూడా వణికింది.

"దించకు," అంది ముందక్క, గొంతు పెంచకుండా. "మంచివాడివి కదా. దించకు."

పొట్టేలు తుమ్మి, నీడలోకి నడిచింది.

చివర వెనకబావ వచ్చాడు, మోచేతి కింద ఒక కుంటి గొర్రెపిల్లతో. మరిది పక్కనుంచి పోతూ "ఇక దించు తమ్ముడూ," అన్నాడు. అతను చేతులు దించబోతే దిగలేదు. భుజాలు పట్టేశాయి. వెనకబావే గొంగళి లాక్కుని మడతపెట్టాడు. ఇద్దరూ ఒడ్డు చేరేసరికి వాళ్ల వెనక, మంద నిలబడిన పల్లంలో, గడ్డి కొసలు మాత్రమే కనబడుతున్నాయి.

పెరట్లో వదిన తడిక తీసి పట్టుకుంది. గొర్రెలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ లోపలికి పోయాయి. ఆమె పెదాలు కదులుతున్నాయి. అడ్డం ఏమీ పెట్టకుండానే లెక్కపెడుతోంది.

ముందక్క పెద్దమనిషిని పక్కకు లాగి, తడిక దగ్గర నిలబడింది. "నా చేతిలో ఉండగా మూడు పోయాయి," అంది. "ఇంకొకరి మీదికి నెట్టను. దాటించడం నా పని."

"కర్ర పెట్టింది నేను వదినా," అన్నాడు మరిది. ఆ రోజంతా అతను మాట్లాడినవాటిలో అన్నిటికంటే చిన్న గొంతుతో అన్న మాట అది.

వదిన వాళ్లిద్దర్నీ చూడలేదు, లోపల గొర్రెల్ని చూసింది. "మీ అన్నకు నువ్వే చెప్పు," అంది. "కర్ర సంగతి, మూడింటి సంగతి, రెండూ. లోపలికెళ్లి చెప్పు. ఆయన గంట విని కాచుకుని ఉంటాడు." తర్వాత ముందక్క వైపు తిరిగి, "మిగతావి ఉన్నాయక్కా," అంది.

చివరి గొర్రె లోపలికి పోయింది. ముందక్క తడిక దగ్గరకు లాగి, తాడు గుంజకు రెండు చుట్లు చుట్టి, ముడి బిగించి, లాగి చూసింది. తాడు కొస వదిన చేతిలో పెట్టింది.

"ఇక నీవి," అంది.